గుర్రం పళ్ళు: ఏటా చూపించాలా, ఎంతవరకు అరగదీయాలి?

పశువు నోరు తెరిచి చూడటం అనంతపురం సీమకు కొత్త కాదు. సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందు దాని పెదవి ఎత్తుతాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అన్నదాన్ని బట్టి ధర పలుకుతుంది. గుర్రాన్నీ గాడిదనూ కొనేవాళ్ళు కూడా ఇలాగే చూస్తారు. కానీ ఈ చూపంతా వయసు తెలుసుకోవడానికి, ధర కట్టడానికి. కొన్న తరువాత ఆ నోటిని మళ్ళీ తెరిచి, మేత సరిగా నములుతోందా, బుగ్గ లోపల పుండు పడిందా అని చూసేవాళ్ళు అరుదు.

గుర్రానికి జబ్బేమీ కనిపించకపోయినా ఏడాదికోసారి పశువైద్యుడికి పళ్ళు చూపించాలన్న మాట గత మూడు నాలుగు దశాబ్దాల్లో ప్రపంచమంతా బలపడింది. దాని వెంటే అభ్యంతరాలూ వచ్చాయి. చూపిస్తే చాలా, ప్రతిసారీ ఆకురాయితో అరగదీయాలా? ఆ పని డాక్టరే చేయాలా, శిక్షణ పొందిన పనివాడు చేస్తే సరిపోతుందా? రేసు గుర్రాల కోసం పుట్టిన పద్ధతి చాకిరేవు గాడిదకూ ఊరేగింపు గుర్రానికీ వర్తిస్తుందా? ఈ ప్రశ్నలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయాయి. వాటిని విడదీసి, ఏది తేలింది, ఏది తేలలేదు అని కరువు పీఠభూమి పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

ఆ నోటిలో ఏముంది

ఎదిగిన గుర్రానికి 36 నుంచి 44 దాకా పళ్ళుంటాయి. ముందు పైన ఆరు, కింద ఆరు కొరికే పళ్ళు. వెనక దవడల్లో నమిలే పళ్ళు. మగ గుర్రాలకు మధ్యలో కోరలు కూడా వస్తాయి. పాలపళ్ళు రెండున్నరేళ్ళ వయసు నుంచి ఊడటం మొదలై, ఐదేళ్ళకల్లా పక్కా పళ్ళు పూర్తవుతాయి.

మనిషి పన్ను ఒకసారి వచ్చాక పొడవు పెరగదు. గుర్రానిది అలా కాదు. లేత వయసులో నమిలే పన్ను పొడవు పది సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అందులో చాలాభాగం దవడ ఎముకలోనే దాగి ఉండి, ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తుంది. పైన అరిగినంత మేర కిందనుంచి వస్తూ ఉంటుంది. ఎముకలోని నిల్వ అయిపోతే ముసలి గుర్రానికి పన్ను వదులై ఊడిపోతుంది. అందువల్ల అరగదీసిన ప్రతి మిల్లీమీటరూ ఆ నిల్వలోంచి తీసినదే.

రెండో సంగతి దవడల వెడల్పు. కింది దవడ కంటే పై దవడ దాదాపు నాలుగో వంతు వెడల్పు ఎక్కువ. నమిలేటప్పుడు కింది దవడ అడ్డంగా కదులుతూ రుబ్బుతుంది. ఆ కదలిక పూర్తిగా సాగితే పన్ను అంతటా సమంగా అరుగుతుంది. సాగకపోతే పై పళ్ళకు బుగ్గవైపు, కింది పళ్ళకు నాలుకవైపు వాడి అంచులు మిగులుతాయి. అవి బుగ్గను, నాలుకను కోస్తాయి. పొడవైన గరుకు మేత నమిలేటప్పుడు దవడ బాగా అడ్డంగా కదులుతుంది. దాణా నమిలేటప్పుడు ఆ కదలిక తగ్గుతుంది. పళ్ళ వివాదంలో సగం ఈ మేత దగ్గరే మొదలవుతుంది.

మన నేల మీద చరిత్ర

గుర్రపు నోటి మీద ఇక్కడ శాస్త్రం లేకపోలేదు. శాలిహోత్రుడి పేరుతో నడిచిన సంస్కృత అశ్వశాస్త్ర సంప్రదాయంలో వైద్యం ఒక ముఖ్య భాగం. జయదత్తుడి ‘అశ్వవైద్యకం’ పళ్ళ మీద మారే రంగులను, గుర్తులను బట్టి వయసు కట్టే పద్ధతి చెబుతుంది. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసం’ రాశాడు. మధ్యయుగపు ఆంధ్ర రాజ్యాల్లో అశ్వశాలల బాధ్యత చూసే ‘సాహిణి’ పెద్ద హోదా ఉన్న ఉద్యోగి.

విజయనగరానికి గుర్రం అంటే ప్రాణావసరం. ఓర్ముజు గుర్రాలూ దేశవాళీవీ కలిపి ఏటా పదమూడు వేలు కొనేవారని పదహారో శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావో న్యూనిజ్ రాశాడు. 1565 యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు చేరింది. పద్దెనిమిదో శతాబ్దంలో గుత్తి కోట మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే గుర్రపు దళానికి నెలవు. 1800 తరువాత దత్తమండలాల కలెక్టరుగా అనంతపురంలో మకాం పెట్టిన థామస్ మన్రో ఈ ప్రాంతాన్ని గుర్రం మీదే చుట్టాడు.

ఇన్ని గుర్రాలు వచ్చినా, వాటి ఆయుష్షు గురించి పాత ఫిర్యాదొకటి ఉంది. పదమూడో శతాబ్దం చివర దక్షిణ తీరాన్ని చూసిన మార్కో పోలో, ఇక్కడ గుర్రాలను సాకడం తెలియక అవి చచ్చిపోతాయని, లాడాలు కొట్టి వైద్యం చేసేవాళ్ళను గుర్రాల వర్తకులు కావాలనే రానివ్వరని రాశాడు. ఇది పరదేశి చెప్పిన మాట. అశ్వశాస్త్ర గ్రంథాల ఉనికి దీన్ని పూర్తిగా ఒప్పుకోనివ్వదు. అయినా గుర్రం కొనడం మీద పెట్టిన డబ్బుకూ దాన్ని నిలుపుకోవడం మీద పెట్టిన శ్రద్ధకూ మధ్య దూరం అప్పటికే కొందరి కంటబడిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

రాజుల గుర్రాలు పోయాక జట్కా గుర్రాలు మిగిలాయి. బస్సులు, ఆటోలు వచ్చాక అవీ తగ్గాయి. ఇప్పుడు పీఠభూమిలో కనిపించేవి పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ కిరాయికిచ్చే గుర్రాలు, కొన్ని సరదా గుర్రాలు, చాకలివాళ్ళ, వడ్డెరల వృత్తితో ముడిపడిన గాడిదల్లో మిగిలినవి. దేశమంతటా తరుగుదల ఇంతే తీవ్రం. 2012 పశుగణనతో పోలిస్తే 2019 నాటికి గుర్రాలు, పొట్టి గుర్రాలు 45 శాతానికి పైగా తగ్గి 3.4 లక్షలకు చేరాయి. గాడిదలు 61 శాతం తగ్గి 1.2 లక్షలకు పడిపోయాయి.

బయటి ప్రపంచంలో ఏం జరిగింది

గుర్రాలే రవాణాకు ఆధారమైన రోజుల్లో యూరప్, అమెరికాల్లో పళ్ళ వైద్యం పశువైద్యంలో ముఖ్య భాగం. 1906లోనే అమెరికా పశువైద్యుడు లూయిస్ మెరిలాట్ పశువుల దంతవైద్యం మీద పూర్తి గ్రంథం తెచ్చాడు. మోటారు వాహనాలు వచ్చి గుర్రం వెనకబడటంతో ఆ విద్యా మూలపడింది. ఆకురాయి పని చాలాచోట్ల చదువు లేని పనివాళ్ళ చేతికి పోయింది.

1970ల తరువాత పరిస్థితి తిరిగింది. జైలజిన్, ఆపైన డెటోమిడిన్ వంటి మత్తుమందులు రావడంతో గుర్రాన్ని నిలబెట్టే మత్తుగా ఉంచి, నోరు తెరిచిపెట్టే ఇనుప పరికరం తగిలించి, లైటు వేసి చివరి పన్ను దాకా చూడటం వీలైంది. మోటారుతో తిరిగే ఆకురాళ్ళు వచ్చాయి. ఎడిన్‌బరోలో ప్యాడీ డిక్సన్ బృందం పన్ను నిర్మాణం, చిగుళ్ళ జబ్బు, పళ్ళ సందుల్లో మేత ఇరుక్కోవడం మీద దశాబ్దాలపాటు పరిశోధన చేసింది. ఏడాదికోసారి పరీక్ష అన్న సలహా ఈ కాలంలోనే స్థిరపడింది.

నాలుగు వాదాలు

*మొదటిది: మేతే మందు.* గుర్రం పన్ను గడ్డి కోసమే పుట్టింది, సరైన మేత పెడితే దాని సంగతి అదే చూసుకుంటుంది అంటారు వీళ్ళు. నమలలేక గడ్డిని ఉండలుగా వదిలేస్తే, నోటి నుంచి వాసన వస్తే, చిక్కిపోతే అప్పుడు డాక్టరును పిలవాలి. అనుభవం మీద నిలిచిన ఈ వాదంలో నిజముంది. బలహీనత కూడా ఉంది. గుర్రం, అంతకంటే ఎక్కువగా గాడిద, నొప్పిని దాచుకునే జంతువులు. బయటికి లక్షణం కనిపించేసరికి జబ్బు ముదిరి ఉండొచ్చు.

*రెండోది: ఏటా పూర్తి పరీక్ష, డాక్టరు చేతనే.* పళ్ళు మారే రెండున్నర నుంచి ఐదేళ్ళ మధ్య ఆరు నెలలకోసారి, తరువాత ఏడాదికోసారి, ముసలితనంలో మళ్ళీ తరచుగా చూడాలంటారు. మత్తు లేకుండా వెనక పళ్ళు కనిపించవు, మత్తు ఇచ్చే హక్కు డాక్టరుదే, కాబట్టి పని కూడా ఆయనదే అన్నది వీరి తర్కం. దీనికి గట్టి ఆధారం గాడిదల నుంచి వచ్చింది. బ్రిటన్‌లో నికోల్ డు టోయిట్, డిక్సన్‌లు 357 గాడిదలను పరీక్షిస్తే 73 శాతానికి పళ్ళ జబ్బులు కనిపించాయి. పదేళ్ళలోపు వాటిలో 28 శాతమే ఉండగా, ముప్పై దాటిన వాటిలో 98 శాతానికి చేరింది. పేగుల్లో మేత గడ్డకట్టి వచ్చే కడుపునొప్పికీ పళ్ళ జబ్బుకూ సంబంధం ఉన్నట్టు కూడా అక్కడి పరిశీలనలు చెప్పాయి.

*మూడోది: శిక్షణ ఉన్న పనివాడు చాలు.* వాడి అంచులు నునుపు చేయడం వంటి మామూలు పనికి డిగ్రీ అక్కర్లేదు, పరీక్ష పాసైన సాంకేతికుడు చాలంటారు వీళ్ళు. బ్రిటన్‌లో గుర్రపు వైద్యుల సంఘం, పశు దంతవైద్యుల సంఘం కలిసి 2001 నుంచి ఇలాంటివాళ్ళకు పరీక్ష నడుపుతున్నాయి. ఎవరు ఏ పని చేయొచ్చో పనులను తరగతులుగా విభజించారు. దీనివల్ల ఖర్చు తగ్గుతుంది, సేవ దగ్గరవుతుంది. అయితే హద్దు ఎక్కడ దాటుతున్నారో చూసే వ్యవస్థ లేకపోతే ఈ మార్గం ప్రమాదం.

*నాలుగోది: చూడండి, కానీ చేయి ఆపండి.* అన్నిటికంటే కొత్త వాదం ఇదే. పరీక్ష అవసరమే కాని, ప్రతిసారీ అరగదీయడం అక్కర్లేదంటారు. 2004లో జేమ్స్ కార్మాల్ట్, సహచరులు చూలు గుర్రాల మీద చేసిన ప్రయోగంలో పళ్ళు అరగదీసినవాటికీ తీయనివాటికీ బరువు పెరుగుదలలో, మేత జీర్ణం కావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరోపక్క, పన్ను పైతలానికి కొన్ని చోట్ల కొద్ది మిల్లీమీటర్ల లోతులోనే ప్రాణమున్న గుజ్జు ఉంటుందని నిర్మాణ పరిశోధన చూపింది. మోటారు ఆకురాయిని ఒకేచోట ఎక్కువసేపు నిలిపితే పుట్టే వేడి ఆ గుజ్జును చంపగలదు. నమిలే తలాన్ని అద్దంలా నునుపు చేస్తే రుబ్బే గరుకుతనమే పోతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

- *ఎప్పుడు చూడాలి:* మొదటి వాదం లక్షణం కనిపించినప్పుడంటుంది. మిగిలిన మూడూ క్రమం తప్పకుండా అంటాయి. ఇక్కడ బరువు మూడు వాదాల వైపే ఉంది.
- *ఎవరు చూడాలి:* రెండో వాదం డాక్టరంటుంది, మూడోది సాంకేతికుడంటుంది, మొదటిది యజమాని అంటుంది. నాలుగోది చేసేవాడి అర్హత కంటే చేసే పని కొలతను పట్టించుకుంటుంది.
- *ఎంత అరగదీయాలి:* రెండు, మూడు వాదాల్లో ఒకప్పుడు ధారాళంగా ఉండేది. నాలుగో వాదం ఒత్తిడితో ఇప్పుడు అందరూ తగ్గారు.
- *ఆధారం:* జబ్బులు ఎంత విస్తారమో చూపడంలో రెండో వాదం బలంగా ఉంది. అరగదీయడం వల్ల లాభం చూపడంలో అదే బలహీనంగా ఉంది.
- *ఖర్చు:* మొదటిది చౌక, రెండోది భారం. మూడోది మధ్యస్థం. నాలుగోదానికి చూసే ఖర్చు తప్పదు, చేసే ఖర్చు తగ్గుతుంది.

గమనించాల్సింది ఏమిటంటే, పోరంతా ‘చూపు’ మీద కాక ‘ఆకురాయి’ మీదే ఉంది. రెండింటినీ ఒకే సేవగా లెక్కగట్టడం వల్లే సగం గందరగోళం.

పీఠభూమి చెప్పే వేరే లెక్క

పై పరిశోధనల్లో చాలావరకు పచ్చిక బయళ్ళ దేశాల్లో, దొడ్డిలో మేపే గుర్రాల మీద జరిగింది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా నమ్మకం లేని వాన. ఇక్కడి మేత జొన్న చొప్ప, బుడ్డల (వేరుశనగ) కట్టె, ఎండిన బీడు గడ్డి. ఇవి గరుకు మేతలు కాబట్టి దవడ పూర్తిగా కదిలి వాడి అంచులు తక్కువగా ఏర్పడతాయని ఆశించవచ్చు. కానీ కరువు ఏడాదిలో నేల దాకా కొరికిన గడ్డితో ఇసుక, మట్టి నోట్లోకి పోతాయి. బుడ్డల కట్టెకు అంటిన మట్టీ అంతే. ఇవి పన్నును త్వరగా అరగదీస్తాయి. అంచులు నునుపు చేయడం కంటే, ఉన్న పన్నును ముసలితనం దాకా మిగల్చడం ఇక్కడ పెద్ద పని కావొచ్చు.

కిరాయి గుర్రాల సంగతి దీనికి తలకిందులు. పెళ్ళిళ్ళ కాలంలో వాటికి చొప్ప తగ్గించి, నానబెట్టిన లేదా ఉడికించిన ఉలవలు, తవుడు ఎక్కువ పెడితే మెత్తటి దాణాతో దవడ కదలిక కుదించుకుపోతుంది. వానలు ఆలస్యమైనప్పుడు ఇక్కడి రైతు వేసే ప్రత్యామ్నాయ పంట కూడా ఉలవే కాబట్టి దాణాగా అది అందుబాటులోనే ఉంటుంది. ఇలాంటి గుర్రాలకు ఏటా పరీక్ష అన్న సలహా ఎక్కువ వర్తిస్తుంది. వాటి నోటికి కళ్లెం బాధ అదనం. ముళ్ళున్న కళ్లెం ఇనుమును 1965 నాటి భారపు పశువుల హింసా నివారణ నిబంధనలు నిషేధించాయి. ఆ ఇనుము నోట్లో ఉండగా పళ్ళ అంచులు నునుపు చేయించి ప్రయోజనం లేదు.

అన్నిటికంటే పెద్ద తేడా నీళ్ళది. పీఠభూమిలో చాలా ఊళ్ళ బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. తెలుగు నేలకు ఇది పాత కథ. హైదరాబాద్ సంస్థానంలో పశువుల్లో ఫ్లోరైడ్ జబ్బును 1934లోనే మహాజన్ వర్ణించాడు. మనుషుల్లో దాన్ని ఫ్లోరోసిస్‌గా 1937లో షార్ట్ బృందం నెల్లూరు జిల్లాలో గుర్తించింది. పన్ను తయారయ్యే వయసులో, అంటే గుర్రానికి సుమారు ఐదేళ్ళ లోపు, ఇలాంటి నీళ్ళు తాగితే పింగాణీ పొర బలహీనపడి, మచ్చలు పడి, పన్ను వంకరటింకరగా అరుగుతుంది. రాజస్థాన్‌లో శాంతిలాల్ చౌబీసా గుర్రాల్లో, గాడిదల్లో కూడా దీన్ని నమోదు చేశాడు. దీన్ని ఆకురాయి నయం చేయలేదు. పిల్ల వయసులో తొట్టిలోని నీళ్ళు మార్చడం, వీలైతే వాననీటి కుంట నీళ్ళు పట్టడం మాత్రమే పనికొస్తుంది. నాలుగు వాదాల్లో ఏదీ నీటిని తన లెక్కలోకి తీసుకోలేదు.

చట్టమూ దూరమూ

మన దేశంలో 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టర్లదే. టీకాలు, విత్తులు కొట్టడం, గాయాలకు కట్టు వంటి చిన్న సేవలను రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే డిప్లొమా ఉన్నవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో చేయొచ్చు. చట్టం ఉదాహరించిన ఆ పనుల్లో పళ్ళు లేవు. కాబట్టి బ్రిటన్ తరహా మూడో వాదం ఇక్కడ అమలు కావాలంటే ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేయాలి.

గుర్రపు వైద్యంలో ప్రత్యేక అనుభవం ఉన్నచోట్లు రేసు మైదానాలున్న నగరాల చుట్టూ ఉన్నాయి. బెంగళూరు, హైదరాబాద్ ఇక్కడికి దగ్గర. తిరుపతి, ప్రొద్దుటూరుల్లో పశువైద్య కళాశాలలున్నాయి. జాతీయ స్థాయి అశ్వ పరిశోధన కేంద్రం హర్యానాలోని హిసార్‌లో ఉంది. హిందూపురం నుంచి బెంగళూరు దాదాపు వంద కిలోమీటర్లు. అనంతపురం నుంచి రెండు వందలకు పైనే. పళ్ళు చూపించడానికి లారీలో గుర్రాన్ని తీసుకుపోవడం, ఆ రోజు కిరాయి పోగొట్టుకోవడం చాలామందికి కుదరదు. స్థానిక పశువుల ఆసుపత్రి డాక్టరు దగ్గరికి రోజూ వచ్చేవి గొర్రెలు, మేకలు, ఆవులు, గేదెలు. గొర్రెల సంఖ్యలో రాష్ట్రంలో ముందున్న ప్రాంతమిది. గుర్రం నోరు తెరిచే పరికరం ప్రతి ఆసుపత్రిలో ఉండాలని ఆశించడం అత్యాశ.

అందువల్ల ‘గుర్రాన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం’ అన్న మాటనే తిరగేయాల్సి ఉంటుంది. 2022 మేలో రాష్ట్రంలో మొదలైన 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలు, ఊళ్ళలో పెట్టే పశు ఆరోగ్య శిబిరాలు ఇందుకు దారి చూపుతాయి. ఒక్కో గుర్రం కోసం కాక, ఒక పట్టణంలోని కిరాయి గుర్రాలన్నిటికీ, ఒక వాడలోని గాడిదలన్నిటికీ ఒకే రోజు పరీక్ష పెట్టుకుంటే పరికరం, మత్తుమందు, డాక్టరు సమయం అన్నీ కలిసొస్తాయి. ధనుర్వాతం టీకా, పురుగుల మందు, లాడాల పరీక్ష అదే రోజు జరుగుతాయి.

ఇంకా తేలనివి

మూడు ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. మొదటిది, పనిచేసే పశువుకు అరగదీయడం వల్ల బరువులో, పనిశక్తిలో నిజమైన లాభమెంత? మేత సమృద్ధిగా ఉన్నచోట చేసిన ప్రయోగాలు దీనికి సమాధానం కావు. సగం కడుపుతో ఉన్న పశువు నమలడంలో కోల్పోయే చిన్న భాగం కూడా దానికి పెద్ద నష్టమే. రెండోది, ఫ్లోరైడ్ పన్నుకు ఆకురాయి ఎంతవరకు పెట్టొచ్చు? మామూలు పన్ను కోసం చెప్పిన కొలతలు బలహీనమైన పన్నుకు పనికిరాకపోవచ్చు. మూడోది సంతలో చూసే వయసు గురించి. బెల్జియంలో సోఫీ ముయిల్ చేసిన పరిశోధన ప్రకారం, భారీ గుర్రాల పళ్ళ కంటే అరబ్బీ గుర్రాల పళ్ళు నెమ్మదిగా అరుగుతాయి. జాతి, మేత, నీరు మారితే పాత గుర్తులు తప్పుతాయి. ఇసుక మేసిన, ఫ్లోరైడ్ తాగిన పశువును పళ్ళు చూసి ముసలిదని తేల్చేస్తే బేరంలో అన్యాయమే జరుగుతుంది.

తేలినంతవరకు

మొదటిది తప్ప మిగతా వాదాలు ఒప్పుకునే నేల ఒకటుంది. నోటిని ఏటా చూడాలి, అవసరమైతేనే చేయి పెట్టాలి, పెట్టినా తక్కువ తీయాలి. అనంతపురం సీమ ఈ సూత్రానికి రెండు మాటలు కలుపుతుంది. ఏటా చూడటం శిబిరం పద్ధతిలో ఊరి దగ్గరికే రావాలి, పళ్ళ జాగ్రత్త నీళ్ళ తొట్టి దగ్గర మొదలవ్వాలి. వదిలేసిన గడ్డి ఉండలు, లద్దెలో పొడవాటి పుల్లలు, ఒకవైపే నమలడం, కళ్లెం పెట్టనివ్వకపోవడం, నోటి వాసన అనే ఈ ఐదింటినీ గమనించడం యజమానికి నేర్పితే శిబిరానికి శిబిరానికి మధ్య కాలానికి కాపలా ఉంటుంది. మిగతాది ప్రభుత్వం తేల్చాల్సిన పని. డిప్లొమా ఉన్నవాళ్ళకు నోటి పరీక్ష నేర్పించి, ఆకురాయిని డాక్టరు చేతికే వదిలే నోటిఫికేషన్ ఒకటి వస్తే, రెండు, మూడు వాదాల మధ్య తగాదాలో చాలా భాగం మన దగ్గర అవసరమే ఉండదు.